రేకుల షెడ్డు, వెనకింటి గోడ, మున్సిపాలిటీ నోటీసు

నెల్లూరు జిల్లాలోని ఒక మున్సిపల్ పట్టణం నుంచి యాభై దాటిన ఒక గృహిణి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయొద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి సారాంశం చెప్పి, అక్కడక్కడా ఆవిడ మాటలే ఇస్తున్నాను.

వాళ్లది లేఅవుట్‌లో 25 అంకణాల (200 గజాల) స్థలం. ఎనిమిదేళ్ల కిందట ప్లాన్ తీసుకుని తూర్పు ముఖంగా ఇల్లు కట్టుకున్నారు. వెనక, అంటే పడమటి వైపు, పన్నెండు అడుగుల పెరడు వదిలారు. అందులో నిమ్మచెట్టు, కరివేపాకు, మల్లెపాదు, గోంగూర మడి. భర్త రిటైరయ్యాక ఇద్దరికీ పొద్దు పోయేది అక్కడే. పార, గడ్డపార, వేపపిండి బస్తాలు, నీళ్ల మోటారు వానకు తడుస్తున్నాయని రెండేళ్ల కిందట నైరుతి మూలన రేకుల షెడ్డు వేయించారు. ఆ మూలన బరువుంటే వాస్తుకు మంచిదని మేస్త్రీ కూడా చెప్పాడట. పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు. నాలుగు ఇనుప గొట్టాలు, పైన జింకు రేకులు, నడుం ఎత్తు దాకా ఇటుక. పడమటి కాంపౌండ్ గోడకు ఆనించే కట్టారు. రేకుల వాలు కూడా గోడ వైపే. రేకు చివర నాలుగు అంగుళాలు గోడ దాటి అవతలికి పోయింది.

గోడ అవతలి ఇల్లు పడమటి ముఖం. వాళ్ల వంటిల్లు ఆగ్నేయ మూలన ఉంది. వీళ్ల నైరుతి, వాళ్ల ఆగ్నేయం ఆ ఒక్క చోటే కలుస్తాయి.

"నిరుడు కార్తీకంలో వాయుగుండం పట్టినప్పుడు ఆవిడ గోడ మీంచి పిలిచి, 'అక్కా, మీ రేకుల నీళ్లన్నీ మా వంటింటి గోడ మీదే పడతా ఉండాయి, కొంచెం చూడండి' అంది. వానలు పోనీ, చూద్దాంలే అన్నాను. ఈ ఏడు వానలకు వాళ్ల గోడ లోపలంతా చెమ్మ పట్టి రంగు ఊడిపోయిందంట. ఆ మాట నాతో అనలేదు. నేరుగా మున్సిపాలిటీకి పోయి అర్జీ పెట్టింది. మొన్న వార్డు ప్లానింగ్ సెక్రటరీ వచ్చి టేపు పెట్టి కొలుచుకుని, ఫొటోలు తీసుకుని వెళ్లాడు. రెండు రోజులకు నోటీసు. అనుమతి లేకుండా సెట్‌బ్యాక్‌లో (హద్దు వెంట ఖాళీగా వదలాల్సిన జాగాలో) వేసిన షెడ్డును ఎందుకు తొలగించకూడదో ఏడు రోజుల్లో చెప్పమని ఉంది."

ఇద్దరివీ పాత స్నేహాలు. పక్కపక్క స్థలాలు ఒకే రోజు రిజిస్ట్రేషన్ చేయించుకున్నారు. ఏటా నెల్లూరు రొట్టెల పండక్కి కలిసి వెళ్లేవాళ్లు. ఇల్లు కట్టకముందు స్వర్ణాల చెరువులో ఈవిడకు, సొంతిల్లు కావాలనుకునేవాళ్లు తీసుకునే ఇంటి రొట్టె ఇప్పించింది ఆవిడేనట. "అలాంటి మనిషి నా మీద కంప్లైంట్ ఇచ్చిందంటే నాకు అన్నం సయించడం లేదు" అని రాశారు.

ఇంట్లో తలా ఒక మాట. ఎవరికో ఏదో ఇచ్చి ఫైలు మూయిద్దాం అంటున్నారు భర్త. వాళ్లూ మెట్ల కింద ప్లాన్‌లో లేని బాత్రూమ్ కట్టుకున్నారుగా, మనమూ ఫిర్యాదు పెడదాం అంటున్నాడు తమ్ముడు. ఇంగ్లండులో ఉండే కూతురు, మా గార్డెన్ షెడ్డు కంచెకు ఆనుకునే ఉంది, ఎవరూ పర్మిషన్ అడగలేదు, చిన్న షెడ్డుకు నోటీసు ఏమిటమ్మా అంటోంది. చివర్లో ఆవిడ అడిగింది ఇది: "షెడ్డు పీకేయాలా? పీకేస్తే మేమే తప్పు చేసినట్టు ఒప్పుకున్నట్టు కాదా? రాత్రిపూట జేసీబీ వస్తుందేమోనని నిద్ర పట్టడం లేదు."

అమ్మా, ముందు నిద్ర సంగతి చూద్దాం. రాత్రికి రాత్రి జేసీబీ రాదు. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టులో జస్టిస్ బి.ఆర్. గవాయ్, జస్టిస్ కె.వి. విశ్వనాథన్ ధర్మాసనం ఇలాంటి కూల్చివేతలకు దేశమంతటికీ వర్తించే పద్ధతి పెట్టింది. ముందు షోకాజ్ నోటీసు ఇవ్వాలి. జవాబు చెప్పుకోవడానికి స్థానిక చట్టంలో ఉన్న గడువు గానీ 15 రోజులు గానీ, ఏది ఆలస్యమైతే అంత సమయం ఇవ్వాలి. యజమాని చెప్పేది వినాలి. కారణాలు రాసి ఉత్తర్వు ఇవ్వాలి. ఆ ఉత్తర్వు వచ్చాక కూడా మనంతట మనం తీసేసుకోవడానికో, అప్పీలుకు వెళ్లడానికో మళ్లీ 15 రోజులు ఆగాలి. రోడ్డు, ఫుట్‌పాత్, చెరువు, రైలు పట్టాల లాంటి చోట్ల చేసిన ఆక్రమణలకు ఈ రక్షణ లేదు. మీ షెడ్డు మీ సొంత పెరట్లో ఉంది, కాబట్టి మీకు ఉంది. అలాగని నోటీసును పక్కన పడేయొద్దు. అందులో ఏడు రోజులని ఉంటే ఏడు రోజుల్లోపే జవాబు ఇవ్వండి. అది ఎలా రాయాలో కింద చెబుతాను.

మీ ఉత్తరంలో మూడు వేర్వేరు తగువులు ఒకదానిలో ఒకటి చిక్కుకుపోయి ఉన్నాయి. షెడ్డుకు అనుమతి ఉందా లేదా అన్నది మీకూ మున్సిపాలిటీకీ మధ్య విషయం. గోడ ఎవరిది, రేకు ఎవరి స్థలం మీదకు పోయింది అన్నది మీకూ వెనకింటివాళ్లకూ మధ్య విషయం, తేలకపోతే సివిల్ కోర్టు తేల్చాల్సింది. వాన నీళ్లు మూడోది. ఒకటి తేలినంత మాత్రాన మిగతా రెండూ తేలవు. మున్సిపాలిటీ రేపు షెడ్డుకు అనుమతి ఇచ్చినా వాళ్ల వంటింటి గోడ మీద నీళ్లు పోసే హక్కు మీకు రాదు. వెనకింటావిడ ఫిర్యాదు వెనక్కు తీసుకున్నా ప్లాన్‌లో లేని షెడ్డు ప్లాన్‌లోకి రాదు. మీ ఇంట్లో ముగ్గురూ మూడు రకాలుగా మాట్లాడుతున్నారంటే, ఒక్కొక్కరు ఒక్కో తగువును పట్టుకున్నారు.

మీ అమ్మాయి చెప్పింది అబద్ధం కాదు. కాకపోతే అది ఇంగ్లండు లెక్క. అక్కడ మామూలు ఇళ్లకు పెరటి షెడ్డు కొన్ని హద్దుల్లో ఉంటే ప్లానింగ్ అనుమతి అడగనక్కర్లేదు. సరిహద్దుకు రెండు మీటర్ల లోపల కట్టేటట్టయితే ఎత్తు రెండున్నర మీటర్లు దాటకూడదు. ఇంటి ముందు వైపు కట్టకూడదు. ఇంటి చుట్టూ ఉన్న ఖాళీలో సగానికి మించి ఇలాంటి కట్టడాలతో నిండకూడదు. ఆ షరతులకు లోబడి ఉంటే కంచెకు ఆనుకుని ఉన్నా ఎవరూ అడగరు. మన దగ్గర అలాంటి మినహాయింపు ఉందనుకుని చాలామంది రేకులు వేసేస్తారు. స్లాబు వేస్తేనే కట్టడం, రేకులకు పర్మిషన్ ఏంటి అనే మాట మన ఊళ్లలో ప్రతి వీధిలోనూ వినిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల చట్టం, 1965 ప్రకారం కట్టడం అంటే ఇల్లు ఒక్కటే కాదు. షెడ్డు, గుడిసె, గోడ కూడా అందులోకే వస్తాయి. ఇటుకతో కట్టినా, ఇనుముతో కట్టినా, చెక్కతో కట్టినా ఒకటే.

ఇక సెట్‌బ్యాక్. 2017 మార్చిలో జీవో 119 కింద వచ్చిన భవన నిర్మాణ నిబంధనల్లో స్థలం సైజును బట్టి, ముందున్న రోడ్డును బట్టి ఎంత ఖాళీ వదలాలో పట్టిక ఉంది. మీ 25 అంకణాలంటే 200 గజాలు, సుమారు 167 చదరపు మీటర్లు. ఆ సైజుకు ముందు వైపు ఒకటిన్నర మీటరు, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున వదలడం మామూలు లెక్క. రోడ్డు వెడల్పయితే ముందు ఇంకొంచెం పెరుగుతుంది. మీకు చెల్లేది మాత్రం మీ ప్లాన్ కాగితం మీద ఉన్న కొలతే. బీరువాలోంచి ఆ కాగితం తీసి, పడమర వైపు, దక్షిణం వైపు ఎంత రాసి ఉందో చూడండి. కనబడకపోతే మున్సిపల్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీకి అర్జీ పెట్టండి. అక్కడ జాప్యమైతే సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో ఇవ్వాలి. ఇంటి పన్నులో షెడ్డును కూడా కలిపి కట్టించుకుంటే సరిపోదా అని కొందరు సలహా ఇస్తారు. పన్ను కట్టినంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు. అనుమతి లేని కట్టడానికి జరిమానాతో పన్ను వేసినా, కూల్చే అధికారం మున్సిపాలిటీ దగ్గరే ఉంటుంది. రెండేళ్లు ఎవరూ అడగలేదు కదా అన్న వాదన కూడా నిలవదు. ఎన్నేళ్లు గడిచినా అక్రమ కట్టడం సక్రమం కాదని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో మరోసారి చెప్పింది.

నీళ్ల దగ్గర కొంచెం ఎక్కువ సేపు ఆగుతాను. నాకు తోచినంతలో మీ గొడవ మొదలైంది అక్కడే.

మీ రేకులు ఎనభై చదరపు అడుగులు. వాయుగుండం పట్టిన రోజున మన జిల్లాలో పది సెంటీమీటర్ల వాన పడటం వింతేమీ కాదు. అంత వాన పడితే ఆ రేకుల మీంచి జారే నీళ్లు ఏడు వందల నలభై లీటర్లు. అంటే మనం కొనుక్కునే ఇరవై లీటర్ల క్యాన్లు ముప్పై ఏడు, ఒక్క రోజులో, పది అడుగుల అంచు నుంచి వాళ్ల వంటింటి గోడకు కొట్టినట్టు. 2021 నవంబరులో పెన్నా పొంగిన రోజులు చూసినవాళ్లం మనం. ఈశాన్య రుతుపవనాలకు మన దగ్గర వాన ఒక్క రోజుతో పోదు, పట్టిందంటే వారం. ఆరకుండా తడిసిన గోడకు లోపల తెల్లగా ఉప్పు పూస్తుంది, సున్నం పొక్కులు లేస్తుంది, రంగు పెచ్చులుగా ఊడుతుంది. ఆ గోడ పక్కనే పొయ్యి, పప్పుల డబ్బాలు, స్విచ్ బోర్డు ఉంటాయి. తడి గోడకు స్విచ్ బోర్డు ఉండటం రంగు ఊడటం కన్నా పెద్ద ప్రమాదం. ఆవిడ రోజూ నిలబడే చోటు అది.

ఆవిడ నాతో ఎందుకు అనలేదు అని బాధపడుతున్నారు. మీ ఉత్తరంలోనే ఉంది, నిరుడే అన్నారు. మీరు చూద్దాంలే అన్నారు. మిమ్మల్ని తప్పు పట్టడానికి ఈ మాట ఎత్తలేదు. గోడకు ఇటువైపున్నవాళ్లకు రేకుల చప్పుడు తప్ప ఏమీ తెలియదు, కాబట్టి చిన్న సంగతిలాగే ఉంటుంది. రెండోసారి అడగడానికి ఆవిడకు మొహమాటం అడ్డు వచ్చి ఉండొచ్చు. స్నేహం ఎక్కువున్న చోట ఇది మరీ ఎక్కువ.

ఇంకో కారణం కూడా ఉండొచ్చు. ఊరుకున్నవాళ్లకు చట్టంలో నష్టమే. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం, ఒకరి కప్పు నీళ్లు ఇంకొకరి స్థలంలోకి ఇరవై ఏళ్లు అడ్డూ అదుపూ లేకుండా పడితే, అలా పడేయడం హక్కుగా మారిపోవచ్చు. స్థలం సంగతయితే ఇంకా తక్కువ. తన జాగాను అవతలివాళ్లు పన్నెండేళ్లు బహిరంగంగా తమదే అన్నట్టు అనుభవిస్తుంటే, ఆ తర్వాత దాన్ని తిరిగి రాబట్టుకోవడం కష్టమవుతుంది. ఆవిడ ఏ వకీలునో అడిగి ఉంటే, ఊరుకోవద్దు, ఎక్కడో ఒకచోట రాతపూర్వకంగా పెట్టు అనే చెప్పి ఉంటాడు. మున్సిపాలిటీ అర్జీకి కోర్టు ఖర్చు లేదు. మీ మీద పగతోనే చేసిందని అనుకునే ముందు ఈ కోణం నుంచి కూడా ఒకసారి చూడండి.

గోడ ఎవరిదో మీరు రాయలేదు. అది తెలియకుండా ఎవరితోనూ గట్టిగా మాట్లాడొద్దు. రెండు సేల్ డీడ్‌ల చెక్కుబందీలు (నాలుగు వైపుల హద్దులు), లేఅవుట్ ప్లాన్ పక్కపక్కన పెట్టుకుని, లేఅవుట్ రాయి నుంచి టేపు పట్టించండి. లైసెన్సున్న సర్వేయర్ చేత కొలిపిస్తే రేపు ఎక్కడైనా చూపించుకోవచ్చు. గోడ పూర్తిగా మీ స్థలంలో మీ డబ్బుతో కట్టిందైతే షెడ్డును దానికి ఆనించడం మీ ఇష్టం, అయినా గోడ అవతలి అంచు దాటిన రేకు వాళ్ల జాగా మీద ఉన్నట్టే. ఇద్దరూ కలిసి కట్టుకున్న ఉమ్మడి గోడైతే, దాని మీద బరువు మోపే ముందు వాళ్లను అడగాలి. వాళ్ల గోడైతే ఆనించే హక్కే లేదు. మూడింటిలో ఏదైనా సరే, ఆ నాలుగు అంగుళాల రేకు మాత్రం ఈ వారంలోనే కోయించండి. వెల్డర్‌కు అది పూట పని కూడా కాదు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఏ చర్చా అక్కర్లేదు.

ఇప్పుడు షెడ్డును ఏం చేయాలన్నది. మీ ముందు నాలుగు దారులున్నాయి, దేని ఖర్చు దానిదే.

పూర్తిగా తీసేయడం అన్నిటికన్నా త్వరగా తేలేది. గొట్టాలు, రేకులు ఇనుప కొట్టుకు వేస్తే కొంత డబ్బు వస్తుంది. నోటీసు ముగిసిపోతుంది, నీళ్ల గొడవా పోతుంది. సామాన్లకు చోటు వెతుక్కోవాలి. మోటారుకు పైన రేకు మూత చాలు. పారా గడ్డపారా మెట్ల కింద పడతాయి. వేపపిండి బస్తాలు ఒక్కోసారి ఒక్కటే తెచ్చుకుంటే సరి. తీసేస్తే తప్పు ఒప్పుకున్నట్టు కాదా అని అడిగారు. నోటీసుకు జవాబులో 'ఫిర్యాదులోని మిగతా ఆరోపణలను ఒప్పుకోకుండా, మా అంతట మేమే తొలగిస్తున్నాం' అని ఒక వాక్యం రాస్తే ఆ ఇబ్బంది ఉండదు. ఓటమి అనిపించడం వేరే సంగతి, దాని గురించి నేను మీ తరఫున నిర్ణయించలేను.

రెండోది, జరపడం. మీ పెరడు పన్నెండు అడుగులు. మీటరంటే మూడడుగుల మూడంగుళాలు. పడమటి గోడ నుంచి అంత వదిలితే మిగిలేది ఎనిమిది ముప్పావు అడుగులు. ఇప్పుడున్న ఎనిమిదడుగుల షెడ్డును అలాగే జరిపితే ఇంటి గోడకూ షెడ్డుకూ మధ్య తొమ్మిది అంగుళాలే ఉంటాయి, మనిషి పట్టడు. వెడల్పు ఐదు అడుగులకు తగ్గిస్తే మూడు ముప్పావు అడుగుల దారి ఉంటుంది. దక్షిణం గోడ నుంచి కూడా మీటరు వదలాలి. అయినా నైరుతి భాగంలోనే ఉంటుంది కాబట్టి వాస్తు గురించి మీ ఇంట్లో పట్టింపు ఉన్నా ఇబ్బంది లేదు. వాలు ఇంటి వైపుకు తిప్పించి, కింద ఇంకుడు గుంత తీయిస్తే ఆ నీళ్లన్నీ మీ నిమ్మచెట్టుకే. సెట్‌బ్యాక్ బయట ఉన్నా ఇది అదనపు కట్టడమే, కాబట్టి లైసెన్సున్న ఇంజినీరు చేత మార్చిన ప్లాన్ గీయించి ఆన్‌లైన్‌లో అనుమతికి పెట్టించాలి. ఇంజినీరు ఫీజు, మున్సిపల్ ఫీజు, వెల్డర్ కూలి కలిపి చూస్తే ఐదడుగుల షెడ్డుకు ఇంత అవసరమా అనిపించవచ్చు. రేపు ఇల్లు అమ్మాలన్నా, బ్యాంకు లోన్ పెట్టాలన్నా కాగితాలు శుభ్రంగా ఉంటాయన్నది దీని లాభం. పెరడే మీకు లోకం అని రాశారు కాబట్టి ఈ దారిని తేలిగ్గా కొట్టిపారేయలేను.

మూడోది, షెడ్డును కదపకుండా నీళ్లు మాత్రం మళ్లించి, వెనకింటివాళ్లతో రాజీ రాసుకోవడం. రేకు చివర పీవీసీ గట్టర్ కట్టించి, పైపుతో నీళ్లను మీ పెరట్లోకే దించొచ్చు. లేదా గోడ వైపు గొట్టాలు ఎత్తు చేసి వాలు ఇటు తిప్పొచ్చు. వాళ్ల గోడకు మళ్లీ పూత, రంగు మీ ఖర్చుతో వేయించొచ్చు. మనుషుల మధ్య ఇది చక్కగా పనిచేస్తుంది. కానీ ఆవిడ ఒప్పుకున్నంత మాత్రాన సెట్‌బ్యాక్ నిబంధన మాఫీ కాదు. కొలతలు, ఫొటోలు ఇప్పటికే ఫైల్లో ఉన్నాయి, ఫిర్యాదు వెనక్కు తీసుకున్నా ఆఫీసు ముందుకు వెళ్లొచ్చు. వెళ్లకపోయినా, ఆ ఇల్లు రేపు ఎవరైనా కొనుక్కుంటే వాళ్లు కొత్తగా ఫిర్యాదు పెట్టొచ్చు. బీపీఎస్ (జరిమానా కట్టించుకుని అక్రమ కట్టడాన్ని క్రమబద్ధీకరించే పథకం) వస్తే కట్టేద్దాంలే అని చాలామంది ఎదురు చూస్తారు. 2015లో, 2019లో ఆ పథకాలు వచ్చిన మాట నిజమే. అలాంటి పథకాన్ని నమ్ముకుని చేతిలో ఉన్న నోటీసుకు జవాబు చెప్పలేం. అందులో డబ్బు కట్టినా పక్కవాళ్ల సివిల్ హక్కులు పోవు.

నాలుగోది, పోరాడటం. ఉత్తర్వు వచ్చాక పైకి వెళ్లొచ్చు, కోర్టులో స్టే అడగొచ్చు. పద్ధతి ప్రకారం నోటీసు ఇవ్వకపోతే, మీ మాట వినకపోతే స్టే దొరికే అవకాశం ఉంటుంది. దొరికినా అది వాయిదా మాత్రమే. ప్లాన్‌లో లేని షెడ్డును ప్లాన్‌లో ఉందని ఏ కోర్టూ అనదు. వకీలు ఫీజు షెడ్డు ఖరీదును దాటిపోతుంది. నేనైతే ఈ దారి పట్టమని అనను.

మీ తమ్ముడి సలహా గురించి గట్టిగానే చెప్పాలి. వాళ్ల మెట్ల కింది బాత్రూమ్ మీద మీరు ఫిర్యాదు పెడితే వాళ్లకూ నోటీసు వస్తుంది. మీ నోటీసు మాత్రం పోదు. వాళ్లది వదిలేశారు కాబట్టి మాదీ వదిలేయండి అనే వాదన కోర్టుల్లో చెల్లదు, ఒకరి తప్పును చూపించి ఇంకొకరు సమానత్వం అడగడానికి లేదు. ఒక వీధిలో రెండు ఫిర్యాదులు పడ్డాయంటే కొలిచే టేపు ఆ రెండిళ్లతో ఆగకపోవచ్చు కూడా. వీధిలో మెట్ల కింద గది, పైన రేకులు లేని ఇళ్లు ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు. ఆ పని ఒకసారి చేశాక వెనకింటావిడతో మళ్లీ మాట్లాడే అవకాశం మీ చేతులతో మీరే పోగొట్టుకున్నట్టు.

మీవారి ఆలోచన ఆయన సొంత ఆలోచన కాదు, మన చుట్టూ అందరూ అనేదే. 2018లో సవరించాక అవినీతి నిరోధక చట్టంలో లంచం ఇవ్వడమూ నేరమే. అది పక్కన పెట్టినా, ఇచ్చిన డబ్బుకు రసీదు ఉండదు, ప్లాన్ మారదు. ఆ సెక్రటరీ బదిలీ అయితే కొత్తవాళ్ల ముందు ఫైలు మళ్లీ తెరుచుకుంటుంది. ఫిర్యాదు చేసినవాళ్లు సోమవారం కలెక్టరేట్‌లో జరిగే అర్జీల కార్యక్రమానికి వెళ్లి ఇంకో కాగితం పెడితే చాలు. ఆ డబ్బుతో గట్టర్, ఇంకుడు గుంత రెండూ అవుతాయి.

వెనకింటావిడ దగ్గరకు వెళ్లమని నా అభిప్రాయం. జవాబు ఇవ్వడానికి ముందే వెళ్లండి. ఎవరినీ వెంట తీసుకెళ్లకండి, ముఖ్యంగా తమ్ముణ్ణి. నోటీసు గురించి ఎత్తకండి. గోడ చూపించమని అడగండి. వంటింట్లోకి వెళ్లి ఆ చెమ్మను మీ చేత్తో ముట్టుకుని చూడండి. "నిరుడు చెప్పినప్పుడే చూసి ఉండాల్సింది, రేపే రేకు కోయిస్తున్నా" అనండి, అన్నట్టే రేపే కోయించండి. ఆవిడ కోపంగా ఉంటే మాట పడండి. ఫిర్యాదు వెనక్కు తీసుకోమని మాత్రం అడగొద్దు. అడిగితే అందుకోసమే వచ్చారని అనుకుంటుంది. తీసుకోవాలనిపిస్తే ఆవిడే తీసుకుంటుంది. తీసుకోకపోయినా మీకు నాలుగు దారులూ అలాగే ఉన్నాయి. ఆవిడ తలుపు తీయకపోయే అవకాశమూ ఉంది. అలా జరిగితే బాధగా ఉంటుంది, అయినా రేకు కోయించే పని ఆపొద్దు.

ఇక జవాబు. తెల్ల కాగితం మీద, కమిషనర్ పేరిట, నోటీసు నంబరు, తేదీ వేసి రాయండి. షెడ్డు ఎంత ఉంది, ఎప్పుడు వేశారు, దేనికి వాడుతున్నారు అన్నది నిజమే రాయండి. కొలతలు తగ్గించి రాయొద్దు, వాళ్ల దగ్గర ఫొటోలున్నాయి. గోడ దాటిన రేకు తీసేశామని రాసి, కోయించాక తీసిన ఫొటో జతచేయండి. తీసేయడమో జరపడమో ఏదో ఒకటి ఎంచుకుని, దానికి ఎన్ని రోజులు కావాలో అడగండి. ఇంకా నిర్ణయించుకోకపోతే, ఇంజినీరుతో కొలిపించి చెప్పడానికి సమయం ఇవ్వమని, ఏ నిర్ణయమైనా మా మాట విన్నాకే తీసుకోమని రాయండి. రెండు ప్రతులు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. తీసుకోనంటే అదే రోజు స్పీడ్ పోస్టులో పంపించి రసీదు దాచండి.

మాటలతో తేలకుండా గోడ నష్టం దగ్గరో, హద్దు దగ్గరో తగువు నిలిచిపోతే, కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు వెళ్లొచ్చు. ఫీజు ఉండదు. ఇద్దరూ ఒప్పుకుని రాసుకున్నది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. అందుకే సంతకం పెట్టే ముందు ప్రతి వాక్యం చదువుకోవాలి. గట్టర్ ఎవరు కట్టించాలి, ఏటా వానలకు ముందు ఎవరు శుభ్రం చేయించాలి అన్నంత చిన్న సంగతులు కూడా అందులో రాయించండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు, మీకూ వర్తిస్తుంది, వెనకింటావిడకూ వర్తిస్తుంది. మీ ఊరి కోర్టు ఆవరణలో మండల న్యాయ సేవల కమిటీ ఉంటే అక్కడ, లేకపోతే నెల్లూరులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దగ్గర అడగండి. ఫోనులో అయితే 15100. వెళ్లేటప్పుడు సేల్ డీడ్, ప్లాన్, నోటీసు, ముద్ర వేయించుకున్న జవాబు ప్రతి, రేకు కోయకముందూ కోశాకా తీసిన ఫొటోలు ఒక కవరులో పెట్టుకుని వెళ్లండి.